చెవి తమ్మెలు, చెవి వెనుక దురద పెడుతుంటే ఏం చేయాలి

దురద ఎక్కడ మొదలైందో ముందు చూసుకోవాలి. కమ్మ తాకే చోటనే తమ్మె ఎర్రబడి, రసి కారి, పొక్కు కడుతుంటే దానికి తరచుగా గిల్టు నగల్లోని నికెల్ కారణమవుతుంది. అలాంటప్పుడు కమ్మలు తీసివేసి, చర్మం పూర్తిగా మానాక నికెల్ కలవని లోహపువే పెట్టుకోవాలి. జుట్టుకు రంగు వేసుకున్న ఒకటి రెండు రోజులకు చెవుల అంచున మంట, వాపు వస్తే ఆ రంగును మళ్లీ వాడకూడదు. చెవి వెనుక మడతలో జిడ్డు పొలుసులు లేస్తుంటే అది చుండ్రు జాతిదే కావచ్చు కనుక, కీటోకొనజోల్ షాంపూను ఆ మడతకు కూడా రాసి, కొన్ని నిమిషాలు ఉంచి, సబ్బు నురగ మిగలకుండా కడగాలి. మిర్యాలగూడ రైసు మిల్లుల్లో పనిచేసేవారు ఊక దుమ్మును, హెల్మెట్ పెట్టుకునేవారు చెమటను మంచినీటితో కడిగి, మెత్తని గుడ్డతో అద్ది, పలుచగా వ్యాజిలైన్ రాసుకుంటే చాలు.

చెవి లోపలి దురద సంగతి వేరు. అగ్గిపుల్ల, పిన్నీసు, తాళంచెవి పెట్టి తిప్పితే చర్మం గీసుకుపోయి చీము పడుతుంది. సాగర్ కాలువలోనో బావిలోనో ఈదిన తరువాత తలను పక్కకు వంచి చెవిలోని నీరు కారనివ్వాలి. మన ఇళ్లలో పెద్దలు పోసే గోరువెచ్చని నూనె, నా అభిప్రాయంలో, మానుకోవలసిన అలవాటే. తడిసిన చెవిలో అది బూజు పెరగడానికి తోడ్పడుతుంది. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిసిన లేపనాలు కొద్ది రోజులు హాయినిచ్చినా, ఎక్కువకాలం రాస్తే చర్మాన్ని పలుచబరుస్తాయి.

నొప్పి, చీము, జ్వరం, వినికిడి తగ్గడం కనిపించినా, మధుమేహం ఉన్నా ఆలస్యం చేయక వైద్యుని చూడాలి.