ఒడ్డున ఇసుక పురుగులతో పాటు తేలిన చేపలు ఏరుకోకండి

ఎండలు ముదిరి గాలి ఆగిపోయిన రోజుల్లో గానీ, వంశధార, నాగావళి, చంపావతి వరద నీరు ఒక్కసారిగా వచ్చి పడ్డాక గానీ తీరం నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గిపోవచ్చు. నాచు విపరీతంగా పెరిగి కుళ్లినా అంతే. ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాముల కంటే తగ్గిందంటే చాలా చేపలు తట్టుకోలేవు. ఈదగలిగినవి పారిపోతాయి, మిగిలినవి చస్తాయి. ఇసుకలో బొరియలు చేసుకుని బతికే పురుగులు కింద ఊపిరాడక పైకి వస్తాయి, అల వాటిని ఒడ్డుకు తోసేస్తుంది. చేపల్ని చంపింది ఆ పురుగులు కావు, అవీ బాధితులే.

తుఫాను అలకు నాలుగు పురుగులు కొట్టుకొస్తే టెన్షన్ అక్కర్లేదు. చేపలు, పీతలు, పురుగులు అన్నీ కలిసి తేలితేనే అనుమానించాలి. రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ వాడుకుంటుంది కాబట్టి ఇది తెల్లవారుజామున ఎక్కువగా బయటపడుతుంది. నీళ్ల రంగు మారినా, కుళ్లిన గుడ్డు వాసన కొట్టినా స్నానానికి దిగొద్దు.

కళింగపట్నం, బారువ, చింతపల్లి బీచ్‌లకు పిల్లలతో వెళ్లేవాళ్లు చెప్పులు విప్పనివ్వకండి. జెర్రిలా ఉండి ఒంటికి రెండు పక్కలా తెల్లటి సన్నని నూగు ఉన్న పురుగును అసలు ముట్టుకోకూడదు, చచ్చినదైనా సరే. ఆ నూగు చర్మంలో విరిగి భగభగ మండుతుంది. గుచ్చుకుంటే రుద్దకండి. సెల్లో టేపు అంటించి లాగితే చాలా ముళ్లు వచ్చేస్తాయి. తర్వాత కడిగి, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో ఉంచితే నొప్పి తగ్గుతుంది. మొహం వాచినా, ఆయాసం వచ్చినా 108కి ఫోన్ చేయండి.

అసలు ప్రమాదం చేపలతోనే. ఊరికే దొరికిన కవ్వళ్లు, కానాగంతలు చూస్తే బుట్టలు పట్టుకుని వెళ్లాలనిపిస్తుంది, అలా అనిపించడంలో తప్పేం లేదు. కానీ ఇవి ఎండలో పడి ఉంటే వాటిలో హిస్టమిన్ అనే పదార్థం తయారవుతుంది. తింటే కాసేపట్లోనే మొహం ఎర్రబడి, దద్దుర్లు, తలనొప్పి, వాంతులు మొదలవుతాయి. పులుసు ఎంత మరిగించినా అది పోదు. ఉప్పు వేసి ఎండబెట్టినా పోదు, కాబట్టి ఎండుచేపలకు పనికొస్తాయిలే అనుకోవద్దు. కొనఊపిరితో కొట్టుకుంటున్నవీ వదిలేయండి. గుల్లలు నీటిని వడగట్టి తింటాయి కాబట్టి నాచులో విషం ఉంటే అది వాటిలో పేరుకుపోతుంది. కొన్ని వారాలు వాటి జోలికి పోకపోవడమే మేలు. కోళ్లకూ కుక్కలకూ కూడా వేయొద్దు.

సముద్రపు నీళ్లు తోడుకునే రొయ్యల చెరువులవాళ్లు ముందుగా మోటారు ఆపండి. ఆ నీళ్లు చెరువులోకి వెళితే ఒక్క పూటలో పంట పోవచ్చు. నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసుకోండి. మీ ఊరి గ్రామ మత్స్య సహాయకుడికి టైము, చోటు చెప్పి ఫోటోలు పంపండి. చచ్చిన చేపల్ని పాతిపెట్టడం వాళ్లు చూసి వెళ్లాకే, అదీ గ్లవ్స్ వేసుకుని, పారతో.