శేషాచలం అంచు పల్లెల్లో ఆర్‌ఓఎఫ్‌ఆర్ (అటవీ హక్కుల) పట్టాకు అర్జీ పెట్టే పద్ధతి

1800లో నిజాము, 1801లో ఆర్కాటు నవాబు కుంఫిణీకి (ఈస్టిండియా కంపెనీకి) రాసిచ్చిన ఒప్పందాలతోనే ఇప్పటి చిత్తూరు, తిరుపతి జిల్లాల నేల చాలావరకు ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది. అడవిలో ఉన్న యానాది గిరిజనుల్ని ఎవరడిగారు? తర్వాత 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవిని రిజర్వు చేసేముందు ప్రకటన వేస్తారు, గడువులోగా హక్కు చెప్పుకోనివాళ్లది పోయినట్టే. తాత దున్నిన చేనుకు ఇవాళ ఆక్రమణ కేసు రాస్తున్నారంటే మూలం అక్కడుంది.

దీన్ని సరిచేసుకునే దారి 2006 అటవీ హక్కుల చట్టం. నేషనల్ పార్కు లోపలి భూమికీ వర్తిస్తుంది; కుదరదంటే నమ్మొద్దు.

సాగుభూమికి, గుడిసెకు ఫారం-ఎ. తేనె, చింతపండు, వెదురు లాంటివాటికి ఊరంతా కలిసి ఫారం-బి. ఎర్రచందనం ఊసెత్తకండి, కలప ఇందులో రాదు. ఎస్టీ కుటుంబమైతే 2005 డిసెంబరు 13కు ముందునుంచీ భూమి చేతిలో ఉండాలి. ఎస్టీలు కానివాళ్లు ఆ తేదీకి ముందు 75 ఏళ్ల నివాసం చూపాలి. పట్టాకు పైహద్దు 4 హెక్టార్లు. ఎకరాల్లో కొలిచి హెక్టార్ల లెక్కలో రాసేయడం తరచూ జరిగే పొరపాటు: 2 ఎకరాలంటే 0.81 హెక్టారు. భార్యాభర్తలిద్దరి పేర్లూ రాయాలి.

అర్జీలు ఎక్కువగా పడిపోయేది సాక్ష్యం దగ్గరే. కనీసం రెండు కావాలి. పాత రేషన్ కార్డు, ఓటరు కార్డు, ఇంటిపన్ను రసీదు, పాత కేసు కాగితం ఏదైనా పనికొస్తుంది. ఆక్రమణ కేసు కాగితాన్ని దాచిపెట్టకండి. తేదీ 2005కు ముందుదైతే అంతకన్నా గట్టి రుజువు లేదు. కాగితమే లేకుంటే గట్లు, బావి, సమాధులు, చేత్తో నాటిన చింతచెట్లు చూపించవచ్చు. పెద్దల వాంగ్మూలం రాయించేటప్పుడు "చాలాకాలంగా సాగు చేస్తున్నారు" అని వదిలేస్తే చెల్లదు. "తూర్పున వంక, పడమర గుండు, మధ్యలో మూడు మడికయ్యలు, వీళ్ల నాయన ఇక్కడ సజ్జ వేసేవాడు" అన్నట్టుండాలి. ఆ పెద్దమనిషి తానే అర్జీదారు కాకూడదు.

అర్జీని గ్రామసభ ఎన్నుకున్న అటవీ హక్కుల కమిటీకిచ్చి రసీదు తీసుకోండి. రసీదు లేకుంటే రేపు అర్జీయే రాలేదంటారు. కొలతల రోజున మీరు పొలంలో ఉండి, వచ్చిన అటవీ, రెవెన్యూ సిబ్బందితో పంచనామా మీద సంతకం పెట్టించుకోండి. తర్వాత గ్రామసభ: సభ్యుల్లో సగంమంది రావాలి, వచ్చినవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లుండాలి. ఈ లెక్క తప్పితే తీర్మానం నిలవదు. సంతకాల పుస్తకం నకలు మీ దగ్గరా ఉంచుకోండి.

అక్కడినుంచి సబ్‌డివిజను కమిటీకి, ఆపైన కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీకి పోతుంది. విచారణ ముగిసేదాకా ఖాళీ చేయించడానికి వీల్లేదు. తిరస్కరిస్తే కారణం కాగితం మీద ఇవ్వాలి. నోటిమాటను లెక్కలోకి తీసుకోకండి. గ్రామసభ కాదంటే సబ్‌డివిజను కమిటీకి, అదీ కాదంటే జిల్లా కమిటీకి, ప్రతిసారీ 60 రోజుల్లోపు అప్పీలు పెట్టాలి.