ఫ్యాన్ ఆపకుండా పాచికల ఆట రికార్డింగు

నెల్లూరు ఎండల్లో ఫ్యాన్ కట్టేసి నాలుగు గంటలు డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలు వేస్తూ, పాత్రల్లా మాట్లాడుతూ కథ నడిపే ఆట) ఆడమంటే ఎవరూ కూర్చోరు. ఫ్యాన్ తిరుగుతుండగానే రికార్డు చేయాలి. బల్ల మధ్యలో ఒకే ఫోన్ పెడితే మాటలకన్నా పాచికల చప్పుడే ఎక్కువ పడుతుంది. మనిషికో ఫోన్, మనిషికో కాలర్ మైకు మేలు. బోయా బీవై-ఎం1 లాంటిది చాలు. దాని స్విచ్ ఫోన్ వైపు ఉందో లేదో చూసుకోండి. మైకు గడ్డానికి జానెడు కింద, స్పాంజి తొడిగి పెట్టాలి. ఫోన్లన్నీ ఫ్లైట్ మోడ్‌లో ఉండాలి, కాల్ వస్తే రికార్డింగు ఆగిపోవచ్చు. రికార్డింగు యాప్ సెట్టింగుల్లో వేవ్ ఫైలు, 48 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో పెట్టుకోండి: గంటకు సుమారు 346 ఎంబీ. ఎంత అరిచినా యాప్‌లోని శబ్దం మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకూడదు. పగిలిన గొంతును తర్వాత అతకడం కుదరదు.

మొదటి పది సెకన్లు అందరూ నోరు మెదపకూడదు. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో హోరు తగ్గించే నాయిస్ రిడక్షన్‌కు ఆ ఫ్యాన్ హోరే నమూనా. మధ్యలో ఎవరైనా రెగ్యులేటర్ తిప్పారా, ఆ నమూనా ఇక సరిపోదు. తర్వాత ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి, అందరి ఫోన్ల ట్రాకులు కలపడానికి అదే గుర్తు. ఆట ముగిశాక మళ్లీ కొట్టాలి. ఎందుకంటే గంటలు గడిచేకొద్దీ ఫోన్ల రికార్డింగుల మధ్య సమయంలో కాస్త తేడా వస్తుంది.

పాచికలు తువ్వాలు పరిచిన పళ్లెంలోనే వేయాలి. టైల్స్ గది మోగుతుంటే గోడకు బొంత వేలాడదీయండి.