ఐఈపీ మీటింగ్‌కి వెళ్లే ముందు

అమెరికా పబ్లిక్ స్కూళ్లలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ఏడాదికి కనీసం ఒకసారి ఐఈపీ (ఆ బిడ్డ కోసం విడిగా రాసే చదువు ప్రణాళిక) మీటింగ్ జరుగుతుంది. ఎదురుగా స్కూలువాళ్లు ఐదారుగురు కూర్చుంటే టెన్షన్ సహజమే. కానీ వైకల్యమున్న పిల్లల చదువు కోసం అమెరికాలో ఉన్న ఐడియా (IDEA) చట్టం ప్రకారం, తల్లిదండ్రులుగా మీరూ ఆ టీమ్‌లో సభ్యులే.

• పరీక్షల రిపోర్టు, ఐఈపీ డ్రాఫ్టు ముందే ఈమెయిల్‌లో అడగండి. ఫోన్‌లో అడిగితే ఆధారం ఉండదు.

• ఇంగ్లిష్ ఇబ్బందైతే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని ముందే రాయండి. ఖర్చు స్కూలుదే. ఆ పనికి ఇంట్లోని పెద్దపిల్లను కూర్చోబెట్టకండి, అది ఆ పిల్లకు మోయలేని బరువు.

• బిడ్డ సంగతి బాగా తెలిసినవాళ్లను వెంట తీసుకెళ్లే హక్కు మీకుంది.

• అన్నిటికన్నా ముఖ్యం, లక్ష్యాలు. "చదవడం మెరుగుపడుతుంది" అని రాస్తే ఒప్పుకోకండి. ఇప్పుడు నిమిషానికి ఎన్ని పదాలు చదువుతున్నాడు, ఏడాది తర్వాత ఎన్ని చదవాలి, ఎవరు కొలుస్తారు? స్పీచ్ థెరపీ వారానికి ఎన్నిసార్లు, ఎన్ని నిమిషాలు, విడిగానా, గ్రూపులోనా? "అవసరాన్ని బట్టి" అన్న మాట కనిపిస్తే అంకె వేయించండి.

• ఇంట్లో తెలుగు మానేయమని ఎవరైనా సలహా ఇస్తే తొందరపడకండి. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు. అమ్మమ్మతో మాట్లాడే భాషను బిడ్డకు దూరం చేయొద్దు.

• హాజరు సంతకం వేరు, సమ్మతి సంతకం వేరు. ఏది పెడుతున్నారో అడగండి. మీ రాతపూర్వక సమ్మతి లేకుండా మొదటిసారి సేవలు మొదలుపెట్టకూడదు. కాగితాలు ఇంటికి తెచ్చుకుని చదివాకే సంతకం పెట్టవచ్చు.

• మీరు అడిగింది స్కూలు కాదంటే, కారణాలతో ప్రయర్ రిటన్ నోటీస్ (నిర్ణయాన్ని తెలిపే రాతపూర్వక నోటీసు) ఇమ్మనండి. అది ఇవ్వడం స్కూలు బాధ్యత.