మొదటి షోకు ముందు: హైదరాబాద్‌లో స్టూడియో గది నుంచి గ్యాలరీ గోడ దాకా

మాసాబ్ ట్యాంక్ జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ)లోనో, సెంట్రల్ యూనివర్సిటీ సరోజినీ నాయుడు ఆర్ట్స్ స్కూల్లోనో చదువు ముగించుకుని బయటికొచ్చిన వాళ్లకు బొమ్మ ఎలా వేయాలో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ బొమ్మ ఆరాక మొదలయ్యే పని మాత్రం అక్కడ పెద్దగా చెప్పరు. గ్యాలరీవాళ్లు కొత్తవాళ్లను పక్కన పెట్టేది ప్రతిసారీ బొమ్మ నచ్చకే కాదు. కొలతలు తప్పు రాసుంటాయి, ఫొటోలు వంకరగా ఉంటాయి, ఫ్రేము వెనక తీగ వదులుగా ఉంటుంది, ధర అడిగితే రోజుకో మాట వస్తుంది. ఇవన్నీ ముందే సరిచేసుకోగలిగినవే.

ఏ గోడ మీకు పనికొస్తుంది

ఊళ్లో గోడలు మూడు రకాలు. మొదటిది అద్దె గోడ. మాదాపూర్ కావూరి హిల్స్‌లోని స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ లాంటి చోట హాలుకు దరఖాస్తు పెట్టుకుని, రోజుల లెక్కన అద్దె కట్టి షో పెట్టుకోవచ్చు. అక్కడ ఆహ్వానపత్రం నుంచి చివరి మేకు దాకా అన్నీ మీ నెత్తినే. రెండోది ప్రైవేటు గ్యాలరీ. బంజారాహిల్స్‌లో కళాకృతి, జూబ్లీహిల్స్‌లో సృష్టి లాంటివి. ఇలాంటి చోట ఎవరి బొమ్మ పెట్టాలో గ్యాలరీయే ఎంచుకుంటుంది, అమ్మకంలో వాటా తీసుకుంటుంది. ప్రైవేటు గ్యాలరీల వాటా మామూలుగా 30 నుంచి 50 శాతం మధ్య ఉంటుంది. మూడోది లామకాన్ లాంటి సాంస్కృతిక వేదిక. అమ్మకాలు అంతంత మాత్రమే, కానీ చాయ్ తాగడానికి వచ్చినవాళ్లు కూడా మీ బొమ్మ ముందు ఆగుతారు. తొలి అడుగుకు అది చిన్న లాభమేం కాదు.

షో పెడతామని కళాకారుడి దగ్గరే డబ్బు వసూలు చేసి, అమ్మకంలోనూ సగం అడిగేవాళ్లు కొందరుంటారు. అద్దె తీసుకుంటే వాటా ఉండకూడదు, వాటా తీసుకుంటే అద్దె ఉండకూడదు. రెండూ అడిగేచోట నమస్కారం పెట్టి వచ్చేయండి.

దరఖాస్తు పెట్టేముందు ఆ గ్యాలరీలో కనీసం మూడు షోలు చూడండి. ఓపెనింగ్ సాయంత్రం కాదు, మామూలు రోజు మధ్యాహ్నం వెళ్లండి. గోడ పొడవు అడుగుల్లో కొలుచుకోండి, లైట్లు ఎక్కడున్నాయో చూడండి, ధరల పట్టిక అడగండి. మీరు వేసేది పెద్ద నైరూప్య చిత్రాలై, వాళ్లు ఏడాది పొడవునా చిన్న నీటిరంగులే పెడుతుంటే అది మీ గోడ కాదు. ఎవరి ఓపెనింగ్‌కో చంకలో కాన్వాస్ పెట్టుకుని వెళ్లడం మాత్రం వద్దే వద్దు. ఆ సాయంత్రం వేరొకరిది.

పన్నెండు బొమ్మల ఫైలు

గ్యాలరీకి పంపేది ఒకే పీడీఎఫ్, 12 నుంచి 15 బొమ్మలు, 10 ఎంబీ లోపు. పేజీకి ఒక బొమ్మ. కింద శీర్షిక, మాధ్యమం, కొలత, సంవత్సరం. కొలతలో ముందు ఎత్తు, తర్వాత వెడల్పు. ఫ్రేము కట్టే దుకాణంలో కొందరు వెడల్పు ముందు చెబుతారు. అది అలాగే ఫైల్లోకి ఎక్కితే నిలువు బొమ్మకు అడ్డం చోటు కేటాయిస్తారు, గోడ మీద ప్లానంతా తారుమారవుతుంది.

పన్నెండూ ఒకే చేతివని తెలియాలి. నాలుగు ల్యాండ్‌స్కేపులు, మూడు పోర్ట్రెయిట్లు, రెండు వినాయకులు, కాలేజీ అసైన్‌మెంట్లు కలిపి పంపితే అది షో కాదు, సంత. పేరున్న మన చిత్రకారుల్లో లక్ష్మా గౌడ్ ఎచింగ్‌ను (లోహపు రేకు మీద గీసి తీసే అచ్చుబొమ్మను), తోట వైకుంఠం తెలంగాణ స్త్రీని సంతకం చూడకుండానే గుర్తుపడతాం కదా, గ్యాలరీ వెతికేది ఆ గుర్తింపునే. అయితే ఎర్రటి పెద్ద బొట్టు, ముదురు రంగు చీర, ముక్కుపుడక పెట్టి వైకుంఠం బాటలో నడిచిన బొమ్మలు ఈ ఊరి గ్యాలరీలు చూడనివేం కావు. ఆ ఫైలు మూడో పేజీ దాటదు.

ఫొటోకు ఖరీదైన కెమెరా అక్కర్లేదు. మబ్బు పట్టిన పగలు, నీడపట్టున బొమ్మను నిటారుగా నిలబెట్టి, కెమెరా సరిగ్గా బొమ్మ మధ్య ఎత్తులో ఉంచండి. ఫోనైతే రెండు మూడు అడుగులు వెనక్కి జరిగి 2ఎక్స్‌లో తీయండి. దగ్గర నుంచి వైడ్‌లో తీస్తే అంచులు ఉబ్బినట్టు వస్తాయి. ఇంట్లో తీయాల్సివస్తే ఒకే రకం బల్బులు రెండు, చెరో పక్క 45 డిగ్రీల కోణంలో పెట్టండి. ట్యూబ్‌లైటు, కిటికీ వెలుతురు కలిస్తే తెలుపు ఒకపక్క నీలంగా, ఇంకోపక్క పసుపుగా పడుతుంది, ఏ యాప్‌తోనూ అది పూర్తిగా పోదు. గోడ, ఈజిల్, మీ కాలి బొటనవేలు ఫొటోలో కనబడకుండా అంచుల దాకా కత్తిరించండి.

బొమ్మల వెనకున్న ఆలోచన గురించి 150 పదాలు చాలు. దేంతో వేశారు, ఏం చూసి వేశారు, ఎందుకు అదే మళ్లీ మళ్లీ వేస్తున్నారు అన్న మూడింటికీ జవాబు ఉంటే సరిపోతుంది.

స్టూడియో గది

ఇద్దరు ముగ్గురు కలిసి గది అద్దెకు తీసుకోవడమే చాలామందికి దారి. ఉత్తరపు కిటికీ ఉంటే ఏడాదిలో చాలా నెలలు ఎండ నేరుగా పడదు, రోజంతా రంగు దాదాపు ఒకేలా కనిపిస్తుంది. నూనెరంగులు వాడేచోట రెండు పక్కలా గాలి ఆడాలి.

లిన్సీడ్ నూనె తుడిచిన గుడ్డలను ఉండలు చుట్టి మూలన పడేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి వేడి పుడుతుంది. గుడ్డల కుప్పలో ఆ వేడి బయటికి పోక నిప్పు అంటుకుంటుంది, అగ్గిపుల్లతో పని లేకుండానే. గుడ్డలను నీళ్లున్న మూత డబ్బాలో వేయండి, లేదా ఒక్కొక్కటిగా బయట తీగ మీద ఆరేయండి.

ఫ్రేములో దాగిన తప్పులు

కాగితం మీద పనికి పెద్ద శత్రువు మన ముసురు. బొమ్మ నేరుగా అద్దానికి తగిలితే లోపలి చెమ్మ అక్కడే నీరుగా పేరుకుని కాగితం అద్దానికి అంటుకుంటుంది, ఆ తర్వాత బూజు. అందుకే మధ్యలో మౌంటు, అంటే బొమ్మ చుట్టూ కిటికీలా కోసిన అట్ట, ఉండాలి. మౌంటు బోర్డు యాసిడ్-ఫ్రీ కావాలని గట్టిగా అడగండి. మామూలు బోర్డు అయితే కొన్నేళ్లలో కిటికీ కోత అంచున గోధుమరంగు గీత పడుతుంది. వెనక ప్లైవుడ్ కూడా కాగితాన్ని పసుపెక్కిస్తుంది, మధ్యలో ఒక యాసిడ్-ఫ్రీ బోర్డు వేయించండి. బొమ్మను సెల్లోటేపుతోనో, ఫెవికాల్‌తోనో అంటించనివ్వకండి. పైఅంచున రెండు చోట్ల మాత్రమే, జపనీస్ కాగితం ముక్కలు గోధుమపిండి జిగురుతో అంటించి వేలాడదీస్తే కాగితం వాతావరణాన్ని బట్టి సాగడానికి, ముడుచుకోవడానికి వీలుంటుంది.

వానాకాలంలో కాన్వాస్ వదులైతే కంగారుపడి వెనక నీళ్లు చల్లకండి. స్ట్రెచర్ (కాన్వాస్ బిగించిన చెక్క చట్రం) లోపలి మూలల్లో బిగింపు కోసం దూర్చే చిన్న ముక్కోణపు చెక్క చీలికలుంటాయి. నాలుగు మూలలా ఒక్కో దెబ్బ కొడుతూ సమంగా బిగించండి. ఒక్క మూలే బిగిస్తే ఫ్రేము మెలితిరుగుతుంది. దుకాణంలో రెడీమేడ్ కాన్వాస్ కొనేటప్పుడే చీలికలు ఉన్నాయో లేవో చూసుకోండి. మూలలు గట్టిగా పిన్ను కొట్టేసిన చవక రకాన్ని బిగించే దారే లేదు.

నూనెరంగు పలుచటి పొరైతే ఒకటి రెండు వారాల్లో చేతికి అంటదు. కానీ చివరి వార్నిష్‌కు ఆరు నెలల నుంచి ఏడాది ఆగాలి. షో తేదీ తరుముకొస్తోందని ముందే పూస్తే కింది పొర ఇంకా కదులుతూ పైపొరను పగలగొడుతుంది. అప్పటిదాకా తాత్కాలికంగా వాడే రీటచ్ వార్నిష్ పలుచగా పూస్తే చాలు.

వెనక వేలాడదీసే డీ-రింగులు పైనుంచి మూడో వంతు ఎత్తులో బిగించండి. తీగ కాస్త వంగేలా ఉండాలి, కానీ లాగినప్పుడు ఫ్రేము పైఅంచు దాటి కనబడకూడదు. వెనక మూలలో శీర్షిక, పేరు, కొలత, సంవత్సరం పెన్సిల్‌తో చెక్క మీద రాయండి. కాన్వాస్ మీద స్కెచ్‌పెన్నుతో రాస్తే సిరా కొన్నాళ్లకు ముందువైపు ఊరుతుంది.

ధర చెప్పడం

మనవాళ్లలో ఎక్కువమంది చదరపు అంగుళానికి ఇంత అని లెక్కేస్తారు. ఒక ఉదాహరణ. చదరపు అంగుళం 25 రూపాయలనుకుంటే 36×24 బొమ్మ 864 చదరపు అంగుళాలు, 21,600 రూపాయలు. బాగానే ఉంది. అదే లెక్కన 12×12 బొమ్మ 3,600 రూపాయలు. గ్యాలరీ వాటా 40 శాతం పోతే 2,160. ఫ్రేముకు 1,200 అయిందనుకుంటే చేతికి మిగిలేది 960. అటు 60×48 బొమ్మ 72,000 అవుతుంది. మొదటి షోలో అంత ధర పెట్టి కొనేవాళ్లు అరుదు.

ఎత్తు, వెడల్పు కూడి హెచ్చవేస్తే ఈ చిక్కు తగ్గుతుంది. 36+24 అంటే 60. దాన్ని 360తో హెచ్చవేస్తే అదే 21,600. 12×12కు 8,640. 60×48కు 38,880. చిన్నది మరీ చవక కాదు, పెద్దది అందనంత దూరం పోదు. ఈ అంకెలు లెక్క చూపడానికే. మీ రేటు మీ సమకాలికుల ధరల పట్టికలు చూసి పెట్టుకోండి. తక్కువతో మొదలుపెట్టి పెంచుకోవచ్చు. ఒకసారి పెట్టిన ధర తగ్గిస్తే నిరుడు కొన్నవాళ్లకు ముఖం చూపించలేరు.

స్టూడియోలో అమ్మినా, గ్యాలరీలో అమ్మినా ధర ఒకటే. గ్యాలరీలో 20,000 ఉన్నది ఇంటికొస్తే 12,000కు ఇస్తారని తెలిసిన రోజున ఆ గ్యాలరీ తలుపు మూసుకుంటుంది.

ప్రింట్ల సంగతి వేరు. ఎచింగ్‌కు కింద అంచున పెన్సిల్‌తో ఎడమపక్క 3/25 అని ఎడిషన్ సంఖ్య (పాతిక కాపీల్లో మూడోదని), మధ్యలో శీర్షిక, కుడిపక్క సంతకం. ఆర్టిస్ట్ ప్రూఫులు (కళాకారుడు తనకోసం విడిగా ఉంచుకునే కాపీలు) ఎడిషన్‌లో పదో వంతు మించకుండా ఉంచడం ఆనవాయితీ. 25 అని రాశాక ఇరవయ్యారో కాపీ తీయడం మోసం.

కాగితం మీద పెట్టాల్సినవి

ఎంత పరిచయస్తులైనా బొమ్మలు అప్పజెప్పేటప్పుడు ఒక కాగితం ఉండాలి. బొమ్మల జాబితా, ఒక్కోదాని ధర, గ్యాలరీ వాటా, ఎన్ని నెలలు వాళ్ల దగ్గర ఉంటాయి, అమ్మితే ఎన్ని రోజుల్లో డబ్బు ఇస్తారు (30 రోజులని అడగండి), దెబ్బతింటే ఎవరిది బాధ్యత, రానుపోను రవాణా ఎవరిది. ఫ్రేము ఖర్చు ముందు తీసేసి మిగిలినదాని మీద వాటా లెక్కిస్తారా అన్నది తప్పకుండా రాయించండి. పైన చెప్పిన 3,600 బొమ్మకు అలా లెక్కిస్తే ఫ్రేము డబ్బు పోను 960కి బదులు 1,440 మిగులుతుంది. కొనేవాళ్లకు పది శాతం తగ్గిస్తే అది ఎవరి వాటాలోంచి పోతుందో కూడా.

బొమ్మ అమ్మినంత మాత్రాన కాపీరైట్ పోదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాతపూర్వకంగా బదిలీ చేస్తేనే అది చేతులు మారుతుంది. ఒక మినహాయింపు ఉంది. ఎవరైనా డబ్బిచ్చి తమ కోసం బొమ్మో, పోర్ట్రెయిటో వేయించుకుంటే, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైట్ వేయించుకున్నవాళ్లదే. క్యాలెండర్లకో, కార్డులకో ఆ బొమ్మ వాడుకోవాలనుకుంటే ముందే రాయించుకోండి. అదే చట్టం 53ఏ సెక్షన్ ప్రకారం, బొమ్మ 10,000 రూపాయలు దాటిన ధరకు మళ్లీ అమ్ముడైతే అందులో 10 శాతం మించకుండా కళాకారుడికి వాటా ఉంటుంది. అది అడగాలంటే బొమ్మ ఎవరి దగ్గరుందో తెలియాలి కదా. అందుకే కొన్నవాళ్ల పేరు గ్యాలరీ మీకు చెప్పాలన్న మాట కూడా ఒప్పందంలో ఉండనివ్వండి.

మోయడం, వేలాడదీయడం

యాక్రిలిక్ బొమ్మకు బబుల్ ర్యాప్ నేరుగా చుట్టకండి. ఏప్రిల్ ఎండలో మూసిన టెంపోలో యాక్రిలిక్ మెత్తబడి బుడగల అచ్చులు రంగు మీద గుండ్రంగా పడతాయి. ముందు సిలికాన్ పూత కాగితం, మూలలకు అట్టముక్కలు, ఆపైన బుడగలు బయటివైపు ఉండేలా ర్యాప్. రెండు బొమ్మలు పెట్టేటప్పుడు ముఖానికి ముఖం, వీపుకు వీపు. ఒకదాని డీ-రింగు ఇంకోదాని కాన్వాస్‌ను పొడవకూడదు. చుట్టి పంపాల్సివస్తే రంగు బయటివైపు ఉండేలా, కనీసం ఆరంగుళాల వ్యాసమున్న గొట్టం మీద చుట్టండి. లోపలివైపుకు చుడితే రంగు పొర నలిగి పగుళ్లు పడతాయి.

గోడకు మేకు కొట్టనిస్తారా, గోడ పైభాగాన బిగించిన లోహపు పట్టీ (రైల్) నుంచి వేలాడదీయాలా అన్నది ముందే అడగండి. బొమ్మ మధ్యభాగం నేల నుంచి 58 అంగుళాల ఎత్తులో ఉంటే నిలబడి చూసేవాళ్ల కంటికి సరిపోతుంది. మేకు ఎక్కడ కొట్టాలంటే: 58కి బొమ్మ ఎత్తులో సగం కలిపి, ఫ్రేము పైఅంచు నుంచి లాగిపట్టిన తీగ దాకా ఉన్న దూరం తీసేయాలి. 36 అంగుళాల ఎత్తు, తీగ రెండున్నర అంగుళాల కింద ఉంటే 58+18−2.5, అంటే 73.5 అంగుళాలు. తీగను వదులుగా వదిలేసి కొలిస్తే బొమ్మ అంగుళం రెండంగుళాలు పైకో కిందికో పోతుంది, వరుసంతా పాడవుతుంది.

వేర్వేరు ఎత్తుల బొమ్మలను పక్కపక్కన పెట్టేటప్పుడు పైఅంచులు కాదు, మధ్యగీత కలపండి. ఎడం లెక్క సులువు. 20 అడుగుల గోడ 240 అంగుళాలు. 30 అంగుళాల వెడల్పున్న ఐదు బొమ్మలు 150 తీసుకుంటాయి. మిగిలిన 90ని ఆరు ఖాళీలకు పంచితే ఒక్కోటి 15. ఆరో బొమ్మ కూడా ఇరికిద్దామని ప్రతివాళ్లకూ మనసు లాగుతుంది. అది స్టూడియోలోనే ఉంచేయండి.

లైటు బొమ్మ మీద నిలువుకు సుమారు 30 డిగ్రీల వాలుతో పడాలి. మరీ దగ్గరగా పైనుంచి పడితే ఫ్రేము నీడ బొమ్మ మీద పడుతుంది, దూరం నుంచి పడితే అద్దంలో చూసేవాడి తలే కనిపిస్తుంది.

షో ముగిశాక అమ్ముడుపోని బొమ్మలు తెచ్చుకునేటప్పుడు జాబితా చేతిలో పట్టుకుని, ఒక్కోటి విప్పి, నాలుగు మూలలూ అక్కడే చూసి సంతకం పెట్టండి. ఇంటికి తెచ్చాక కనబడిన గీతకు ఎవరూ జవాబుదారీ కారు.