జీవశాస్త్రం జవాబులు – 3వ పాఠం: ఒంటి సంగతా, గుంట సంగతా, తరాల సంగతా?

పోయిన పాఠంలో ప్రశ్న చివరి మాటను పట్టుకోవడం చూశాం: ‘నిర్వచించండి’ అంటే ఒక్క వాక్యం, ‘వివరించండి’ అంటే కారణం నుంచి ఫలితం దాకా. ఈసారిది అంతకన్నా ముఖ్యం. ప్రశ్న ఒక జీవి ఒంట్లో జరిగేది అడుగుతోందా, ఒకే చోట బతికే జీవులన్నిటి లెక్క అడుగుతోందా, తరాల మీదుగా వచ్చే మార్పును అడుగుతోందా? ఇది తేల్చుకోకుండా రాయడం మొదలుపెడితే, వచ్చిన విషయమే రాసి కూడా మార్కులు పోగొట్టుకుంటారు.

విడవలూరు నుంచి కొత్తపట్నం దాకా మన తీరంలో రొయ్యల గుంటలు అందరూ చూసినవే. మూడు ప్రశ్నలూ అక్కడి నుంచే తీసుకుందాం.

తెల్లవారుజామున గుంటలో ఆక్సిజన్ ఎందుకు బాగా తగ్గుతుంది? చాలామంది వెంటనే రొయ్య మొప్పల గురించి అందుకుంటారు. అడిగింది గుంట గురించి. పగలు నీటిలోని సూక్ష్మ శైవలాలు (కంటికి కనిపించని నాచు) కిరణజన్య సంయోగక్రియలో ఆక్సిజన్ వదులుతాయి. పొద్దుగూకితే అది ఆగుతుంది, శ్వాసక్రియ ఆగదు. రొయ్యలు, శైవలాలు, అడుగున మిగిలిన మేతను కుళ్లబెట్టే బ్యాక్టీరియా రాత్రంతా ఆక్సిజన్ వాడుకుంటూనే ఉంటాయి. అందుకే సూర్యోదయానికి కాస్త ముందు డీవో, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, అట్టడుగుకు పడిపోతుంది. ఆ వేళ నీటిలోకి గాలి కలిపే ఏరియేటర్లు తిరగాల్సిందే. ఇక్కడొక మెలిక ఉంది. వెచ్చని నీటికన్నా చల్లని నీటిలో ఆక్సిజన్ ఎక్కువ కరుగుతుంది. తెల్లవారుజామున నీరు చల్లబడే ఉంటుంది, అయినా ఆక్సిజన్ తక్కువే. అంటే రాత్రి వాడకం ఎంతటిదో చూడండి! ఈ మాట చేరిస్తే, మీరు బట్టీ పట్టి రాయలేదని దిద్దేవారికి తెలుస్తుంది. మబ్బు పట్టిన రోజు తర్వాతి తెల్లవారుజామున రైతుకు దిగులెందుకో ఇక మీరే చెప్పగలరు.

పెద్ద వానకు గుంటలో ఉప్పు తగ్గితే, అక్కడ పెంచే వెనామీ రకం రొయ్య ఎలా తట్టుకుంటుంది? ఇది ఒంటి సంగతి. లీటరు నీటిలో సుమారు 25 గ్రాముల లవణాలున్నప్పుడు రొయ్య రక్తపు గాఢత, బయటి నీటి గాఢత దాదాపు సమానం. అంతకు తగ్గితే ద్రవాభిసరణ వల్ల నీరు ఒంట్లోకి వస్తుంది, లవణాలు బయటికి జారతాయి. మొప్పలు సక్రియ రవాణాతో, అంటే గాఢత తేడాకు ఎదురుగా, లవణాలను మళ్లీ లోపలికి లాగుతాయి. దానికి శక్తి ఖర్చవుతుందని తప్పక రాయండి.

మూడోది తరాల సంగతి, ఎక్కువమంది తప్పేది. ఒకప్పుడు పనిచేసిన యాంటీబయాటిక్ ఇప్పుడు బ్యాక్టీరియా మీద ఎందుకు పనిచేయడం లేదు? ‘మందుకు అలవాటు పడ్డాయి’ అని దయచేసి రాయకండి. అవసరం వచ్చిందని ఏ బ్యాక్టీరియా తన జన్యువులను మార్చుకోదు. ఉత్పరివర్తన (జన్యువుల్లో యాదృచ్ఛికంగా వచ్చే మార్పు) వల్ల కొన్నిటిలో తట్టుకునే గుణం ముందే ఉంటుంది. మందు మిగతావాటిని చంపింది. ఇవి బతికి, తమ గుణాన్ని తర్వాతి తరాలకు ఇచ్చాయి. మారింది సమూహంలో వాటి నిష్పత్తి. వైవిధ్యం, ఎంపిక, వారసత్వం మూడూ కనిపిస్తేనే జవాబు పూర్తయినట్టు. రొయ్యలకు వచ్చే తెల్లమచ్చ వ్యాధిని అడిగితే మాత్రం కథ వేరు: అది వైరస్ వల్ల వస్తుంది, యాంటీబయాటిక్‌కు లొంగదు.

అభ్యాసం: ఒంగోలు జాతి పశువులను బ్రెజిల్‌కు తీసుకెళ్లి పెంచుకున్నారు. అక్కడ వాటిని నెలోర్ అంటారు. ఒకటి, మే నెల ఎండలో ఒంగోలు ఆవు ఒంటి వేడిని ఎలా తగ్గించుకుంటుంది? రెండు, వేడిని తట్టుకునే గుణం ఆ జాతిలో ఎలా స్థిరపడింది? రెండో జవాబులో ‘ఎండను తట్టుకోవడం కోసం మారింది’ అన్న వాక్యం రాకూడదు. తరతరాలుగా రైతులు చేసిన ఎంపికను మరవకండి.