ట్రస్టు దుకాణంలో న్యాయంగా, చవగ్గా కొనడం ఎలా?

బెంగళూరులో మారతహళ్ళి, కుందలహళ్ళి వైపు ఉండే మనవాళ్ళలో ఈ మధ్య పాత సామాన్ల దుకాణాలకు వెళ్ళే అలవాటు బాగా పెరిగింది. ఇల్లు మారేవాళ్ళు, అమెరికా వెళ్ళిపోయేవాళ్ళు ఇచ్చేసిన బట్టలు, గిన్నెలు, పుస్తకాలు, బొమ్మలు కొన్ని సేవాసంస్థలు తీసుకుంటాయి. వాటిని ఏరి, తుడిచి, తక్కువ ధరకు అమ్మి, వచ్చిన డబ్బుతో బడో వృద్ధాశ్రమమో నడుపుకుంటాయి. అలాంటి ఒక ట్రస్టు దుకాణంలో నేను శనివారాలు పనిచేస్తాను. జీతం ఉండదు. సంచులు విప్పడం, బట్టలు వేరు చేయడం, ధర చీటీలు కట్టడం, రద్దీ ఉంటే కౌంటర్లో కూర్చోవడం, ఇదీ పని. వినికిడి లోపం ఉన్న పిల్లల బడికి ఆ డబ్బు వెళ్తుంది.

తెలిసినవాళ్ళు నన్ను తరచుగా అడిగేది ఒకటే: "అక్కా, అక్కడ బేరం ఆడొచ్చా? ఎలాగూ ఊరికే వచ్చిన సామానే కదా?"

ఈ ప్రశ్నలో తప్పేమీ లేదు. పాత బట్ట అనగానే మనకు బేరమే గుర్తొస్తుంది. చిన్నప్పుడు మా వీధిలోకి నెత్తిన గంపతో ఒకామె వచ్చేది, పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇస్తానంటూ. మా అమ్మ రెండు ప్యాంట్లు, ఒక జరీ అంచు చీర ముందు పెట్టి బేసిన్ అడిగేది. ఆమె టిఫిన్ డబ్బా దగ్గరే ఆగిపోయేది. ఆమె గంప ఎత్తుకోవడం, అమ్మ వెనక్కి పిలవడం, ఇంకో లంగా తెచ్చి వేయడం... అరగంట పట్టేది. చీర అమ్మది, బేసిన్ ఆమెది. తనకు ఎంతకు గిట్టుతుందో ఇద్దరికీ తెలుసు, నచ్చకపోతే కాదనే హక్కు ఇద్దరికీ ఉంది. అందుకే అది సరైన బేరం.

ట్రస్టు దుకాణంలో కౌంటర్ అవతల కూర్చున్న మనిషి ఆ వస్తువుకు యజమాని కాదు. ఇచ్చినవాళ్ళు ఇచ్చేసి వెళ్ళిపోయారు. ఆ డబ్బు చేరాల్సిన పిల్లలు ఎక్కడో బడిలో ఉన్నారు. అంటే మనం బేరమాడుతున్నది అక్కడ లేని మనిషితో. నేను చెప్పేవన్నీ ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతాయి.

1. ముందు అది ఎవరి దుకాణమో కనుక్కోండి

బోర్డు మీద థ్రిఫ్ట్ స్టోర్ అని రాసి ఉన్నవన్నీ సేవాసంస్థలవి కావు. చాలావరకు మామూలు వ్యాపారాలే. అందులో తప్పేం లేదు, అక్కడ హాయిగా బేరమాడుకోండి. ఆదివారం పొద్దున్నే బీవీకే అయ్యంగార్ రోడ్డులో జరిగే సండే బజార్‌లో అయితే బేరమాడకపోతేనే అమ్మేవాడికి ఆశ్చర్యం. ఆ గడియారం అతను కొనుక్కొచ్చింది, దాని మీద లాభనష్టాలు అతనివి.

ట్రస్టుది అని చెబితే ఏ ట్రస్టో, డబ్బు దేనికి ఖర్చు పెడతారో అడగండి. మొహమాటం అక్కర్లేదు, సరిగ్గా నడిపేవాళ్ళు సంతోషంగా చెబుతారు. నీతి ఆయోగ్ వాళ్ళ ఎన్‌జీవో దర్పణ్ పోర్టల్‌లో సంస్థ పేరు కొట్టి చూడొచ్చు. నమోదు ఉన్నంత మాత్రాన సంస్థ మంచిదని కాదు కానీ, ఎక్కడుంది, ఎవరు నడుపుతున్నారు అనేది కొంత తెలుస్తుంది.

అందరి పద్ధతీ ఒకటి కాదు. అంశు గుప్తా 1999లో మొదలుపెట్టిన గూంజ్ అనే సేవాసంస్థనే తీసుకోండి. నగరాల్లో సేకరించిన బట్టల్ని వాళ్ళు పల్లెల్లో దానంగా పంచరు. ఊరివాళ్ళు బావి తవ్వుకోవడం, చెరువు బాగుచేసుకోవడం లాంటి పనులు చేసుకుంటే దానికి ప్రతిఫలంగా ఇస్తారు. తీసుకునేవాళ్ళు తలదించుకోవాల్సిన పని ఉండకూడదని. ఇంకోవైపు, 1902లో బోస్టన్‌లో ఎడ్గర్ హెల్మ్స్ అనే పాస్టరు మొదలుపెట్టిన గుడ్‌విల్ అనే సంస్థ, పాత సామాన్లు సేకరించి, పేదవాళ్ళ చేతే బాగుచేయించి, వాళ్ళకు కూలి ఇచ్చి, ఆ సామాన్లు అమ్మేది. ఒకచోట వస్తువే సాయం, ఇంకోచోట వస్తువు అమ్మగా వచ్చిన డబ్బు సాయం. మీరు వెళ్ళే దుకాణం ఏ రకందో తెలిస్తే ఏది కొనాలి, ఏది వదలాలి అన్నది సగం తేలిపోతుంది.

2. చీటీ మీద ఉన్న ధరను గౌరవించండి

మా దగ్గర ధరలు వేసేది రిటైరైన ఇద్దరు టీచరమ్మలు, నేను, సెలవుల్లో వచ్చే కాలేజీ పిల్లలు. ఒక శనివారం ఎనభై రూపాయల చొక్కా పట్టుకుని ఒకాయన కన్నడలో "స్వల్ప కమ్మి మాడి" (కొంచెం తగ్గించండి) అంటూ యాభైకి అడిగారు. మెడలో కంపెనీ ఐడీ కార్డు వేలాడుతోంది. కౌంటర్లో ఉన్న టీచరమ్మకు కాదనడం చేతకాక ఇచ్చేశారు. ఆయన చెడ్డమనిషి కాదు, అలవాటు. కానీ ఆ టీచరమ్మ ఆ చొక్కా కాలరు మురికి పోయేదాకా బ్రష్ పెట్టి రుద్దడం నేను చూశాను. "పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమని కొట్లాడినట్టు" అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

నిజంగా లోపం ఉంటే మాత్రం చెప్పండి, చెప్పాలి కూడా. కుక్కర్‌కు గాస్కెట్ లేదు, బ్యాగు జిప్పు రావడం లేదు, మిక్సీ జారుకు పగులు ఉంది. ఇవి మాకు కనిపించి ఉండవు. చెబితే చాలాసార్లు ధర మేమే తగ్గిస్తాం. గాస్కెట్ లేని కుక్కర్‌ని చూడకుండా కొనుక్కుపోతే ఇబ్బంది పడేది మీరే.

3. తగ్గింపు ఎవరి కోసమో చూడండి

పోయిన డిసెంబర్‌లో చలి బాగా ఉన్న రోజు, పక్కన కడుతున్న అపార్ట్‌మెంట్‌లో పనిచేసే ఒకామె వచ్చింది. కదిరి వైపు మనిషి. కాళ్ళకు సిమెంటు ఎండిపోయి ఉంది. గళ్ళ దుప్పటి ఒకటి చేతిలోకి తీసుకుని, మడత విప్పి, వెలుతురుకు పట్టి చూసి, మళ్ళీ అదే మడతలో పెట్టేసింది. చీటీ మీద నూటఇరవై ఉంది. కొంగు ముడి విప్పి లెక్కపెట్టుకుని, "అమ్మా, యాభైకి వస్తాదా?" అంది. ఇచ్చాం. అలాంటివాళ్ళకు తగ్గించే వెసులుబాటు దుకాణం మాకు ఇచ్చింది. కానీ నెలాఖరుకు అద్దె, కరెంటు బిల్లు పోను ఇంత మిగలాలని ఒక లెక్క ఉంటుంది. కట్టగలిగినవాళ్ళకు పోయిన ముప్ఫైలు, నలభైలు ఆ లెక్కలోంచే పోతాయి. అవి కలిసి ఇలాంటి ఒక దుప్పటి అవుతాయి.

అందుకే దుప్పట్లు, స్వెట్టర్లు, స్కూలు బ్యాగులు, పిల్లల బూట్లు, వంటగిన్నెలు ఒకటో రెండో మాత్రమే కనిపిస్తే, మీకు కొత్తది కొనే స్తోమత ఉంటే, వదిలేయమంటాను. దండిగా ఉంటే మొహమాటపడకుండా కొనుక్కోండి. గాజు ఫ్లవర్ వాజులు, పార్టీ డ్రస్సులు, నవలలు, బోర్డు గేములు ఎన్ని కావాలంటే అన్ని తీసుకోండి. అవి మీలాంటివాళ్ళు కొంటేనే దుకాణం నడుస్తుంది. "నేను కొంటే పేదవాళ్ళకు లేకుండా పోతుందేమో" అని అసలు రావడమే మానేసినవాళ్ళు ఉన్నారు. అదీ సరికాదు.

4. తప్పు ధర కనిపిస్తే చెప్పేయండి

అన్నిటికన్నా కష్టమైన మెట్టు ఇదే.

మా అత్తయ్యది ప్రొద్దుటూరు. బట్టల కొట్ల మధ్య పెరిగిన మనిషి. ఒకసారి మా దగ్గరికి వచ్చినప్పుడు దుకాణానికి తీసుకెళ్ళాను. నూటయాభై రూపాయల పాలిస్టర్ చీరల వరసలో వేళ్ళతో ఒక్కొక్కటీ తాకుతూ వెళ్తోంది, కళ్ళు ఎటో ఉన్నాయి. ఒకచోట చెయ్యి ఆగింది. ముదురు వంకాయ రంగు చీర, ఆవపువ్వు రంగు అంచు. చీర తిరగేసి, అంచూ ఒళ్ళూ కలిసే చోట గోటితో తడిమింది. "అంచుకు వేరే దారం పెట్టి ఒంటితో కలిపి నేశారు, చూడు" అంది. తర్వాత కొంగు చివర ఊడి వేలాడుతున్న జరీ పోగు ఒకటి తీసి గోటితో గీకింది. పైన మెరుపు రాలి లోపల ఎర్రటి పట్టుదారం బయటపడింది. మామూలుగా అసలు జరీలో వెండి తీగ చుట్టేది ఎర్ర పట్టుదారం మీదే, దానిపైన బంగారు పూత పూస్తారు. ఇమిటేషన్‌దైతే లోపల తెల్లదారమో నైలానో కనిపిస్తుంది. కంచిపట్టు అది. చీటీ కట్టింది ఎవరో కాలేజీ పిల్ల అయి ఉంటుంది. పట్టుకీ పాలిస్టర్‌కీ తేడా తెలిసే వయసు కాదు.

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు ఆశ పుట్టింది. పాత పట్టుచీరలు కొంటామని తిరిగేవాళ్ళు జరీ కరిగించి వెండి తీసుకోవడానికైనా నూటయాభైకి ఎన్నో రెట్లు ఇస్తారు. ఎవరూ చూడటం లేదు. చీటీ నేను రాసింది కాదు, ధర దుకాణం వేసిందే. అత్తయ్య మాత్రం నావైపు చూడను కూడా లేదు. నేరుగా కౌంటర్ దగ్గరికి వెళ్ళి, "ఇదిగో తల్లీ, దీనికి పొరపాటు చీటీ కట్టారు, ఇది వేరే పెట్టుకోండి" అని చేతిలో పెట్టింది.

బయటికొచ్చాక అడిగాను. "కొట్లో సేటు పొరపాటున తక్కువ చెబితే వాడి తెలివి వాడిది, నా తెలివి నాది. ఇక్కడ తెలివి లేనిది ఆ పిల్లకు, నష్టం ఇంకెవరికో" అంది.

తర్వాతి వారం ఆ చీర మూడువేలకు పోయింది. వినికిడి యంత్రంలో వాడే చిన్న బ్యాటరీలు ఒక్కోటి వారం, మహా అయితే రెండు వారాలు వస్తాయి. రెండు చెవులకు రెండు. అయిపోయిన రోజు కొత్తది లేకపోతే ఆ పిల్లాడికి టీచరు మాట వినపడదు. ఆ చీర డబ్బు ఎన్ని నెలల బ్యాటరీలో మీరే లెక్కవేసుకోండి.

వెండి సామాన్లు, పాత ఇత్తడి, తొలి ముద్రణ పుస్తకాలు, మంచి కెమెరాలు, అన్నిటికీ ఇదే పద్ధతి. గిల్టు నగల ట్రేలో ఒక గొలుసు కొక్కెం మీద 925 అని చెక్కి ఉంటే అది వెండి కావచ్చు, కౌంటర్లో చూపించండి. అలాగని ప్రతి వస్తువుకూ బయట ధర వెతికి అప్పజెప్పక్కర్లేదు. రెండువందల చొక్కా ఎనభైకి దొరకడం మీ అదృష్టం, దుకాణం ఉన్నదే అందుకు. పొరపాటు కొట్టొచ్చినట్టు కనిపించినప్పుడే ఈ మాట.

చెప్పిన తర్వాత మీకే కావాలంటే "సరైన ధర వేయండి, నేనే తీసుకుంటాను" అనండి. చాలాసార్లు కొంచెం తగ్గించే ఇస్తాం.

5. తిరిగి అమ్మేవాళ్ళయితే దాచకండి

ఇక్కడ కొని ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్మే పిల్లలు బెంగళూరులో, చెన్నైలో చాలామంది ఉన్నారు. వాళ్ళని దొంగలన్నట్టు మాట్లాడటం నాకు నచ్చదు. రెండు నెలలుగా వేలాడుతున్న కోటును తీసుకెళ్ళి, ఉతికి, ఇస్త్రీ చేసి, ఫొటో తీసి అమ్మడం కూడా కష్టమే. మా దగ్గర అమ్ముడుపోని నూలుబట్ట చివరికి గ్యారేజీల్లో చేతులు తుడుచుకునే గుడ్డ అవుతుంది. అంతకన్నా ఎవరైనా తొడుక్కోవడం మేలు.

కొత్త సరుకు సర్దిన పొద్దున్నే వచ్చి వరస మొత్తం ఊడ్చుకుపోవడం, మంచివి తీసి దుప్పట్ల వెనక దాచి సాయంత్రం రావడం, ఒక చీటీ తీసి ఇంకోదానికి తగిలించడం, ఇవి వేరు. చివరిది మోసమే. కౌంటర్లో "నేను అమ్మకానికే కొంటున్నాను" అని చెప్పండి. ఎన్ని తీసుకోవచ్చో వాళ్ళు చెబుతారు. మా దగ్గరికి వచ్చే ఒకమ్మాయి నెలకోసారి తన లాభంలో పదోవంతు తెచ్చి హుండీలో వేస్తుంది. ఎవరూ అడగలేదు.

6. కొసరు మీరు వేయండి

కూరగాయలు కొన్నాక కరివేపాకు కొసరు అడగడం మన హక్కు. ఇక్కడ ఆ కొసరు మనమే వేయాలి. నూటడెబ్బై బిల్లయితే రెండువందలిచ్చి చిల్లర వదిలేయండి. పెద్ద మొత్తం ఇవ్వాలనుకుంటే విడిగా రసీదు అడగండి, ఎందుకంటే బిల్లు కట్టింది కొనుగోలే, విరాళం కాదు. విరాళానికి పన్ను మినహాయింపు కావాలంటే ఆ సంస్థకు ఆదాయపు పన్ను శాఖ అనుమతి (80జీ అని పిలిచేది) ఉండాలి, మీరు పాత పన్ను విధానంలో ఉండాలి, రెండువేలు దాటితే నగదు కాకుండా యూపీఐ, చెక్కు లాంటి దారిలో ఇవ్వాలి. బట్టలు, సామాన్లు ఇస్తే ఆ మినహాయింపు రాదు.

7. ఇచ్చేటప్పుడు

ఉతికి, ఆరబెట్టి, మడిచి ఇవ్వండి. చెప్పులు, బూట్లు జతగా తాడుతో కట్టండి, ఒక్క కాలివి ఎన్ని వచ్చాయో చెబితే నమ్మరు. లోదుస్తులు, చిరిగిన పరుపులు వద్దు. చార్జర్ ఉన్న వస్తువును చార్జర్‌తో పాటే ఇవ్వండి. జేబులు, హ్యాండ్‌బ్యాగుల లోపలి జిప్పులు ఒకసారి చూసుకోండి. ఆస్పత్రి రిపోర్టులు, బ్యాంకు కార్డులు, ఒకసారైతే తాళి గొలుసు లాకెట్టు కూడా దొరికాయి. కొన్నవాళ్ళకు అలాంటివి దొరికితే వెంటనే వెనక్కి తెచ్చివ్వండి. ఇచ్చినవాళ్ళ నంబర్ పుస్తకంలో రాసిపెట్టుకుంటాం కాబట్టి ఫోన్ చేసి అప్పజెబుతాం. ఆ లాకెట్టు కూడా అలాగే చేరింది.

దుకాణం మూసి ఉన్న రోజు సంచులు గేటు బయట వదిలి వెళ్ళకండి. రాత్రి వాన పడితే, కుక్కలు లాగితే, పొద్దున్నకి అందులో ఒక్కటీ పనికిరాదు. దాన్ని చెత్తబండికి ఎత్తే డబ్బు కూడా ఆ పిల్లల లెక్కలోంచే పోతుంది.